నాలుక తిరుగుతోంది, మాట దొరకడం లేదు: కోతి జ్వరం తర్వాత ఓ ఎనిమిదేళ్ళ బాబు

ఈ కేసులో పిల్లవాడి పేరు, ఊరు, బడి, వైద్యం జరిగిన ఆసుపత్రులు చెప్పడం లేదు. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు కుటుంబ వివరాలు మార్చాం. ఇక్కడ అతణ్ణి బాబు అనే పిలుద్దాం.

నేపథ్యం

ప్రకాశం జిల్లా మెట్ట ప్రాంతంలో వాన మొహం చాటేసిన ఏడు కూలికి వలస పోవడం మామూలే. ఎక్కువమంది హైదరాబాదుకో బెంగళూరుకో పోతారు. ఈ కుటుంబం మేస్త్రీ వెంట కర్ణాటకలో మలెనాడు అనే పడమటి కొండల ప్రాంతానికి, వక్క తోటల పనికి వెళ్ళింది. బాబు అప్పుడు రెండో తరగతి. సగం సంవత్సరంలో బడి మానిపించి వెంట తీసుకెళ్ళారు. తోట పక్కనే అడవి. పశువుల కొట్టంలో పరచడానికి పెద్దవాళ్ళు అడవిలోంచి ఎండుటాకులు తెచ్చి కుప్ప పోసేవాళ్ళు, పిల్లలు ఆ కుప్పల మీదే ఆడుకునేవాళ్ళు.

ఫిబ్రవరిలో జ్వరం. విపరీతమైన తలనొప్పి, ఒళ్ళునొప్పులు, లేవలేనంత నీరసం. తొమ్మిది రోజులకు తగ్గింది. పది రోజులు బాగానే తిరిగాడు. మళ్ళీ జ్వరం వచ్చింది, ఈసారి మెడ బిగుసుకుంది, మగతలోకి జారాడు, రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. రక్తపరీక్షలో క్యాసనూర్ ఫారెస్ట్ డిసీజ్ ఐజీఎం పాజిటివ్, అంటే ఆ వైరస్ ఈమధ్యే సోకిందని చెప్పే గుర్తు కనపడింది. అక్కడి వాళ్ళు మంగన కాయిలె అనే ఈ జబ్బునే మనవైపు కోతి జ్వరం అంటున్నారు. పందొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. అందులో ఆరు రోజులు నోరు తెరిచి ఒక్క మాటా అనలేదు. ఎంఆర్‌ఐలో చెప్పుకోదగ్గ మచ్చేమీ లేదు. ఏప్రిల్లో సొంత ఊరికి వచ్చేశారు.

జబ్బు సంగతి కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే తర్వాతి నిర్ణయాలన్నీ దాని మీదే ఆధారపడ్డాయి. 1957లో శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు వరుసగా చచ్చిపోతుండగా ఈ వైరస్‌ను గుర్తించారు. మోసేవి గోమార్లు, అంటే పిడుదులు. మనిషిని పట్టేది ఎక్కువగా వాటి పిల్ల దశ. నువ్వుగింజంత కూడా ఉండదు కాబట్టి కుట్టినట్టే తెలియదు. చలికాలం మొదలుకొని ఎండాకాలం దాకా దీని ఉధృతి. జబ్బు పడ్డవాళ్ళలో నూటికి పది నుంచి ఇరవై మందికి, మొదటి జ్వరం తగ్గాక వారం రెండు వారాలకు రెండో విడత వస్తుంది. మెదడు మీద దెబ్బ పడేది ఆ రెండో విడతలోనే. యూరప్, రష్యాల్లో గోమార్ల వల్లే వచ్చే మెదడువాపు వైరస్‌కి ఇది దగ్గరి చుట్టం. అక్కడ ఆ జబ్బు నుంచి కోలుకున్న పిల్లల్ని వెంబడించి చూసినప్పుడు పక్షవాతంలాంటివి అరుదుగానూ, ఏకాగ్రత తగ్గడం, చెప్పింది మనసులో నిలుపుకోలేకపోవడం, ఆలోచన మందగించడం, తొందరగా అలసిపోవడం తరచుగానూ కనిపించాయి. పైకి కనపడని నష్టం కాబట్టి డిశ్చార్జి కాగితంలో 'పూర్తిగా కోలుకున్నాడు' అని ఉంటుంది. ఈ బాబు కాగితంలోనూ అదే ఉంది.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో 'పురుగు కుట్టి జొరమొచ్చింది' అని తల్లిదండ్రులు చెప్పే కేసుల్లో చాలావరకు స్క్రబ్ టైఫస్ అవుతుంది. దాన్ని మోసేది చిగ్గర్ అనే సన్నని పురుగు, కారణం బ్యాక్టీరియా, మందులూ వేరు. దోమల వల్ల వచ్చే జపనీస్ మెదడువాపు ఇంకొకటి. మాట తర్ఫీదు మూడింటికీ చాలావరకు ఒకటే అయినా, మిగతా వైద్యం ఒకటి కాదు. అందుకే నోటిమాట మీద ఆధారపడకుండా డిశ్చార్జి కాగితం, ల్యాబ్ రిపోర్టు రెండూ తెప్పించుకోవాలి.

సమస్య ఎలా వచ్చింది

ఆగస్టులో తల్లి బాబును మాట తర్ఫీదు ఇచ్చే మా దగ్గరికి తీసుకొచ్చింది. ఆమె మాటల్లోనే: "జొరం తగ్గినాక బాగానే మాట్టాడతన్నాడు మేడం. బళ్ళో ఏం చెప్పినా బుర్రకెక్కట్లేదంట. సారు అడిగితే బిక్కమొగం ఏసుకుని నిలబడతన్నాడంట. ఇంటికొస్తే ఆరింటికల్లా నిద్ర."

బడి నుంచి వచ్చిన చీటీలో 'శ్రద్ధ లేదు, వలస వల్ల వెనకబడ్డాడు' అని ఉంది. ఇది తేలిగ్గా కొట్టిపారేయదగ్గ మాట కాదు. సగం ఏడాది బడి పోయింది. కన్నడం వినే చోట నాలుగు నెలలు గడిపాడు. మూడో తరగతిలో పాఠాలు ఇంగ్లీషు మీడియం. ఇవి చాలు ఏ పిల్లవాడైనా తడబడడానికి. కాబట్టి మొదట తేల్చుకోవలసింది ఇది చదువు పోయిన ఇబ్బందా, జబ్బు తెచ్చిన ఇబ్బందా అని.

పరీక్షించిన తీరు

ముందు వినికిడి. రెండు చెవులూ 15 డెసిబెల్స్ దగ్గర బాగున్నాయి. ఈ జబ్బు కంటి లోపలి పొరను కూడా తాకగలదు కాబట్టి కంటి డాక్టరు దగ్గరికి పంపాం, చూపు సరిగ్గానే ఉంది. ప-త-క, ప-త-క అని వేగంగా అనిపిస్తే తడబాటు లేదు. నాలుక, పెదవులు, దవడ కదలికలు మామూలే. అంటే ఉచ్చారణ తర్ఫీదుతో పని లేదు.

ఈ కేసులో అన్నిటికంటే ఎక్కువ చెప్పింది మేనమామ ఫోన్లో దొరికిన పాత వీడియో. జబ్బుకు ఏడాది ముందు సంక్రాంతికి తీసినది. మేకపిల్ల బావిలో పడితే ఎలా తీశారో బాబు రెండు నిమిషాలు చెప్పాడు. ఇప్పుడు అదే పద్ధతిలో, వాళ్ళింటి బర్రె తాడు తెంచుకుని పోయిన సంగతి రెండు నిమిషాలు చెప్పించి రికార్డు చేశాం. తెలుగులో పదాలు లెక్కపెడితే మోసపోతాం. 'వెళ్ళిపోయాడంటనే' అన్నది ఒక్క పదమే, కానీ అందులో ఉన్న పని మూడు పదాల పెట్టు. అందుకని క్రియలు లెక్కపెట్టాం. పాత వీడియోలో 31 క్రియలు, కొత్తదానిలో 13. 'అది', 'ఏందది', 'అట్టా' లాంటి ఖాళీ మాటలు 4 నుంచి 17కి పెరిగాయి. మూడు సెకన్లు దాటిన నిశ్శబ్దాలు పాతదానిలో ఒకటి, కొత్తదానిలో 11. బడి మానితే పిల్లవాడు ఎక్కాలు మర్చిపోతాడు, బర్రె తప్పిపోయిన కథ చెప్పడం మర్చిపోడు. వలస వాదన అక్కడితో బలహీనపడింది.

ఇంకా గట్టిగా తేల్చుకోవడానికి అదే తరగతి పిల్లలు ముగ్గురికి, వాళ్ళ ఇళ్ళల్లో అడిగి, అవే పరీక్షలు పెట్టాం. ముగ్గురిలో ఒక పాప కూడా వలస కుటుంబమే, నిరుడు అంతే కాలం బడికి రాలేదు. కొలతబద్ద చేతిలో లేనప్పుడు పక్క బెంచీ పిల్లలతో పోల్చుకోవడం మెరుగైన దారి, అందులో అదే కష్టం పడిన పిల్ల ఒకరుంటే మరీ మేలు.

ఇల్లు, పొలం, బడి వస్తువుల బొమ్మలు 90 చూపిస్తే బాబు 35 పేర్లు చెప్పాడు. ఆ ముగ్గురు 82 నుంచి 87. వలస పాప 84. బాబు తప్పుల తీరు చూడండి. చేటను 'జల్లెడ' అన్నాడు. కొడవలిని 'కోసేది... జొన్న కోసేది' అన్నాడు. గొడుగును 'గొగుడు' అని, తనే తల అడ్డంగా ఊపి ఆగిపోయాడు. వస్తువేమిటో తెలుసు, దాని పనీ తెలుసు, పేరు మాత్రం అందడం లేదు. మొదటి అక్షరం అందిస్తే, దొరకని వాటిలో సగానికి పైగా దొరికాయి. పదం పోలేదు, పదం దగ్గరికి దారి మూసుకుపోయింది అనడానికి అది ఆధారం.

అంకెలు వరసగా నాలుగు చెప్పగలిగాడు, వెనక నుంచి రెండే. ఈ వయసుకి అయిదు, మూడు ఉంటాయి. నిమిషంలో జంతువుల పేర్లు 5, తోటివాళ్ళు 11 నుంచి 14.

అర్థం చేసుకోవడంలో అసలు విషయం బయటపడింది. 'బంతి ఇవ్వు', 'తలుపు వేసి రా' లాంటివి పదికి పది. 'నీళ్ళు తాగకముందు పలక ఇవ్వు' అంటే నీళ్ళు తాగేసి పలక ఇచ్చాడు. మాట చెప్పిన వరస, పని చేయవలసిన వరస ఒకటైతే ఇబ్బంది లేదు, తలకిందులైతే పదికి మూడు. 'అమ్మ తెచ్చిన బుట్టలో ఉన్న కాయ తీసుకున్న పిల్లవాణ్ణి చూపించు' లాంటివి పదికి నాలుగు. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. తెచ్చిన, ఉన్న, తీసుకున్న అనుకుంటూ ఒక్కొక్కటే చేతిలో పట్టుకుని చివరిదాకా మోయాలి. బాబు చేతిలో రెండు నిలుస్తాయి, మూడోది రాగానే మొదటిది జారిపోతుంది. ఇంట్లో మాటలు రెండు ముక్కలవే కాబట్టి అక్కడ బాగానే ఉన్నాడు. తరగతిలో, అందులోనూ పాఠ్యపుస్తకంలో, నాలుగు ముక్కల వాక్యాలు.

కాబట్టి కాగితం మీద 'చదువులో వెనకబాటు' అనీ, 'బుద్ధిమాంద్యం' అనీ రాయలేదు. మెదడువాపు తర్వాత ఏర్పడిన భాషా ఇబ్బంది, ప్రధానంగా పదం వెతుక్కోవడంలోనూ పొడవైన వాక్యం నిలుపుకోవడంలోనూ, అలసటతో పెరిగేది అని రాశాం.

మొదటి ఆరు వారాలు: ఎందుకు ఫలించలేదు

పదం దొరకడం లేదు కాబట్టి పదాల మీద పడ్డాం. దొరికినవీ దొరకనివీ కలిపి 60 బొమ్మలు తర్ఫీదుకు, మిగతా 30 తర్ఫీదు ఇవ్వకుండా పోల్చడానికి పక్కన పెట్టాం. వారానికి రెండు రోజులు, సాయంత్రం నాలుగున్నరకి, 45 నిమిషాలు. బొమ్మ చూపడం, మూడు సెకన్లలో రాకపోతే పేరు చెప్పేయడం, అతనితో అనిపించడం. ఇంట్లోనూ అదే చేయమన్నాం.

ఆరు వారాలకు తర్ఫీదు ఇచ్చిన 60లో 22 నుంచి 54కి వెళ్ళాడు. ఇవ్వని 30లో 13 నుంచి 14. తరగతిలో మార్పు లేదు. తల్లికి చెప్పడానికి ఆ 54 అంకె బాగుంటుంది, పిల్లవాడికి ఉపయోగం లేదు. పక్కన 30 పెట్టుకోకపోయి ఉంటే ఆ అంకెను చూసుకుని ఇంకో ఆరు వారాలు అదే దారిన పోయేవాళ్ళం.

ఎక్కడ తప్పింది? పేరు మేమే అందించేశాం కాబట్టి అతను చేసింది తిరిగి అనడం, వెతకడం కాదు. వెతికే దారి బాగుపడాలంటే వెతకనివ్వాలి. మూడు సెకన్లు ఇతనికి చాలవు. అరవై పదాలు ఒక్కసారే చాలా ఎక్కువ, పైగా ఒంటె, ఓడ, విమానం లాంటివి రోజూ నోట్లో మెదిలే పదాలు కావు. బడి ముగిశాక బస్సులో వచ్చిన పిల్లవాడు ఇరవై అయిదో నిమిషానికి తల పట్టుకుని ఏడ్చేవాడు. దాన్ని మొదటి మూడు వారాలు మారాం అనుకున్నాం. ఇంట్లోవాళ్ళు ప్రేమ కొద్దీ పొద్దస్తమానం 'ఇదేంది? ఇదేంది?' అని అడగడంతో నోరు తెరవడమే తగ్గించాడు. ఆ సలహా ఇచ్చింది మేమే.

బడిలో కూడా మేలు చేద్దామనే ఒక పని చేశారు, అది ఎదురు తిరిగింది. ముందు బెంచీలో కూర్చోబెట్టి, చెప్పిందే గట్టిగా, గబగబా మళ్ళీ చెప్పడం. చెవి బాగున్న పిల్లవాడికి గొంతు పెంచి ఉపయోగం లేదు. వాక్యం పొట్టిది కావాలి, మధ్యలో ఊపిరి పీల్చుకునే వ్యవధి ఉండాలి.

మాత్ర సంగతి

ఈ సమయంలోనే గమనించింది ఇంకొకటి. పగలు మగత, పనిలో మందగింపు మరీ ఎక్కువగా ఉన్నాయి. ఫిట్స్ కోసం ఫినోబార్బిటోన్ రోజూ వాడుతున్నాడు. చవక మందు, బాగా పనిచేస్తుంది, కానీ పిల్లల్లో మగతనూ ఆలోచనలో మందకొడితనాన్నీ తెస్తుంది. ఫిట్స్ మందుల్లో టోపిరమేట్ అయితే నేరుగా పదం దొరకకుండానే చేయగలదు. కాబట్టి మెదడువాపు తర్వాత మాట ఇబ్బందితో వచ్చిన ఏ పిల్లల కేసులోనైనా మాత్రల చీటీ చూడకుండా అంచనా రాయకూడదు.

మరో అనుమానం కూడా ఉంది. గదిలో రెండుసార్లు పది సెకన్ల పాటు శూన్యంలోకి చూశాడు. నిద్రలో మెదడులో ఎడతెగని విద్యుత్ అలజడి ఉంటే వచ్చిన భాష కూడా వెనక్కి పోతుంది. మామూలు ఈఈజీలో, అంటే మెదడులోని విద్యుత్తును కొలిచే పరీక్షలో, అది తప్పించుకోవచ్చు. అందుకని పిల్లల న్యూరాలజిస్టుకు రాసిన ఉత్తరంలో నిద్రలో ఈఈజీ తీయడం గురించి అడిగాం. అలాంటి అలజడి కనపడలేదు. ఆయన ఆరు వారాల్లో, మెల్లగా, ఫినోబార్బిటోన్ తగ్గిస్తూ, మరో ఫిట్స్ మందు లెవెటిరాసెటామ్‌కి మార్చారు. తొలి మూడు వారాలు చిరాకు, అరుపులు. అది ఆ మందుతో రాగలదని ముందే చెప్పి ఉంచడం వల్ల తల్లి మానేయలేదు. ఫిట్స్ మాత్ర ఇంట్లో ఎవరూ సొంతంగా ఆపకూడదు, ఒక్క పూట కూడా. ఈ మాట కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చాం.

మందు మారడం, తర్ఫీదు పద్ధతి మారడం దాదాపు ఒకేసారి జరిగాయి. ఫలితంలో దేని వాటా ఎంతో విడదీసి చెప్పడం కుదరదు. కేవలం కాలం గడవడం వల్ల వచ్చిన మెరుగుదల అనుకోవడానికి మాత్రం, అంతకుముందు ఆరు వారాలు తర్ఫీదు లేని పదాల్లో కదలిక లేకపోవడం అడ్డం వస్తుంది.

వస

ఒకరోజు జేజమ్మ కూడా వచ్చింది. రోజూ పొద్దున్నే వసకొమ్ము అరగదీసి తేనెలో నాకిస్తున్నట్టు చెప్పింది. మాటకు వస పోయడం మన ఇళ్ళల్లో తరతరాల నమ్మకం. కానీ వసలో ఉండే ఘాటు నూనెలు వాంతులు తెప్పించగలవు, మగత తేగలవు. ఫిట్స్ మాత్ర వేసుకునే పిల్లవాడికి వాంతి అయితే మాత్ర కూడా పోతుంది. మానేయమని గద్దిస్తే మన కంట పడకుండా పోస్తారు. అందుకని ఇలా చెప్పాం: "జేజమ్మా, వస నాలుక తిరగని పిలకాయలకనే కదా మీరు పోసేది. మీ వాడి నాలుక బాగానే తిరుగుతోంది. వాడికి మాట దొరకట్లేదు. దొరికించే పని మీరు చెయ్యగలరు." ఆమె ఆలోచించి, "అయితే వస ఎందుకులే, ఏం చెయ్యాలో చెప్పమ్మా" అంది. ఇంట్లో తర్ఫీదు ఆ తర్వాత ఆమె చేతిలోనే నడిచింది. తల్లికంటే ఆమెకే ఓపిక ఎక్కువ, సాయంత్రాలు ఖాళీ కూడా.

ఫలించిన పద్ధతి

సమయం శనివారం పొద్దున్న తొమ్మిదికి మార్చాం. ఇరవై నిమిషాలు పని, పది నిమిషాలు ఏమీ అడగని విరామం, పదిహేను నిమిషాలు పని. వారంలో మరో రోజు మండలంలోని భవిత కేంద్రంలో, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కేంద్రంలో, రిసోర్స్ టీచరు ఇదే పద్ధతి చేసేలా ఏర్పాటు. దాంతో వారానికో బస్సు ప్రయాణం తగ్గింది.

వారానికి 8 పదాలే. నాలుగు వచ్చే వారం పాఠంలోవి, నాలుగు ఇంట్లోవి. ఒక్కో పదానికి అయిదు ప్రశ్నలు: యాడ ఉంటది? దేనికి? ఎవరు వాడతారు? ఎట్టా ఉంటది? దానికి జత ఏంది? కవ్వం అనుకోండి. వంటింట్లో, మజ్జిగ చిలకడానికి, జేజమ్మ, కర్రకి కింద పువ్వులాగా, కుండ. ఇవన్నీ తనే చెప్పేసరికి పేరు చాలాసార్లు దానంతట అదే వచ్చేది. రాకపోతే పది సెకన్లు ఆగడం. మనసులో పది లెక్కపెట్టుకోకపోతే పెద్దవాళ్ళెవరూ అంతసేపు ఆగలేరు. అప్పటికీ రాకపోతే వాక్యం సగం అందించడం, 'జేజమ్మ మజ్జిగ చిలికేది...' అని. ఆ తర్వాతే పలక మీద మొదటి అక్షరం రాయడం. మన లిపిలో ఒక్క అక్షరంలోనే హల్లూ అచ్చూ కలిసి ఉంటాయి కాబట్టి 'క' అని రాస్తే నోటికి సగం దారి దొరుకుతుంది. పేరు పూర్తిగా చెప్పేయడం ఆఖరి మెట్టు. దొరికిన పదాన్ని నిమిషం తర్వాత, రెండు నిమిషాల తర్వాత, నాలుగు, ఎనిమిది, మర్నాడు పొద్దున్న మళ్ళీ అడగడం. తప్పితే ఒక మెట్టు వెనక్కి.

జేజమ్మకు ఇచ్చిన నియమం ఒక్కటే: 'ఇదేంది' అని అడగొద్దు. కావాలని తప్పు వస్తువు ఇవ్వండి, వాడే దిద్దుతాడు. చేట ఇవ్వవలసిన చోట జల్లెడ అందిస్తే, "అది కాదు జేజీ, చేట" అనేవాడు. పరీక్షలాగా కాకుండా పనిలో భాగంగా వచ్చిన పదం తేలిగ్గా వచ్చేది.

వాక్యాల కోసం ముందు వరస తిన్నగా ఉన్నవి, ఆ తర్వాత తలకిందులవి. 'పలక ఇచ్చి నీళ్ళు తాగు' బాగా వచ్చాక 'నీళ్ళు తాగకముందు పలక ఇవ్వు'. 'ముందు' అన్న మాట వినగానే వేలు మడవమని నేర్పాం, అంటే ఆగు, తర్వాత వినేది మొదట చెయ్యాలి అని. ఈ ఒక్క వేలి గుర్తుతో మూడు వారాల్లో పదికి మూడు నుంచి ఆరుకి వచ్చాడు. 'తెచ్చిన', 'తీసుకున్న' వాక్యాలను మేమే విడగొట్టి చూపించి, తర్వాత అతనితో విడగొట్టించాం: అమ్మ బుట్ట తెచ్చింది. బుట్టలో కాయ ఉంది. ఒకడు తీసుకున్నాడు. వాడేడీ?

కథ చెప్పడానికి బొమ్మల పుస్తకాలు పనిచేయలేదు. సొంత సంగతులు పనిచేశాయి. నీళ్ళ ట్యాంకరు వచ్చినప్పటి గొడవ, మేక ఈనడం. అయిదు వేళ్ళకి అయిదు: ఎవరు, యాడ, ఏమైంది, ఏం చేశారు, చివరికి. వేలు చూపించాలే తప్ప మాట అందించకూడదు.

బడిలో

ఒక పేజీ ఉత్తరం తెలుగులో రాశాం. మొదటి వాక్యమే ఇది మనిషి నుంచి మనిషికి అంటుకునే జబ్బు కాదు అని. కోతి జ్వరం అంటుకుంటుందని పిల్లలు అతని పక్కన కూర్చోవడం మానేశారని అప్పటికి రెండు నెలలు, ఎవరూ మాకు చెప్పలేదు. మేమూ అడగలేదు. మాట వెతుక్కునే పిల్లవాడికి మాట్లాడే తోడే లేకపోతే ఏ తర్ఫీదు నిలుస్తుంది?

తర్వాత అడిగినవి కొన్నే. ఒకసారి ఒక పనే చెప్పడం. ప్రశ్న అడిగాక పది లెక్కపెట్టి ఆగడం, లేదా 'నీ దగ్గరికి మళ్ళీ వస్తా' అని పక్కవాణ్ణి అడిగి తిరిగి రావడం. ఉన్నట్టుండి లేపి చదివించకపోవడం. రేపటి పాఠంలో ఆరు పదాలు ఈ రోజే తల్లి ఫోనుకు వాట్సాప్‌లో పంపడం. పాఠ్యపుస్తకంలో ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లీషు ఉంటాయి కదా, తెలుగు పేజీ ముందు చదివి అర్థం పట్టుకున్నాకే ఇంగ్లీషు పేజీ. లెక్కలు, చదవడం పొద్దున్న పీరియడ్లలో. పరీక్షలో అదనపు సమయం.

సారు ఇవన్నీ చేయలేకపోయారు. ఒక్క గదిలో రెండు తరగతులు నడిపే మనిషి ఆయన. ఆగి తిరిగి రావడం, ఆరు పదాలు పంపడం, ఈ రెండూ తప్పకుండా చేశారు. ఆ రెంటికే తేడా కనపడింది. ఇంకోసారి ఇలాంటి ఉత్తరం రాస్తే పది అడగం, రెండే అడుగుతాం.

అయిదు నెలల తర్వాత

తర్ఫీదు ఇవ్వని 30 బొమ్మల్లో 14 నుంచి 21. జంతువుల పేర్లు నిమిషానికి 9. వెనక నుంచి అంకెలు మూడు. తలకిందుల వాక్యాలు పదికి ఎనిమిది, 'తెచ్చిన, తీసుకున్న' రకం పదికి ఏడు. రెండు నిమిషాల కథలో 24 క్రియలు, 7 ఖాళీ మాటలు. తరగతిలో తనంతట చెయ్యెత్తడం మొదలైంది, సారు లెక్క ప్రకారం వారానికి రెండు మూడుసార్లు.

మిగిలినవి తక్కువేమీ కాదు. చదివేటప్పుడు ఒక్కో వాక్యం సరే, పేరా మొత్తం అయ్యేసరికి మొదటిది పోతుంది. మధ్యాహ్నం మూడు దాటాక పొద్దుటి పిల్లవాడు కాదు. వానాకాలం జలుబు జ్వరం వచ్చిన వారం పదాల వెతుకులాట మళ్ళీ మొదటికి వచ్చినట్టు కనిపించి, పది రోజులకు సర్దుకుంది. అలాంటప్పుడు తర్ఫీదు పెంచకూడదు, సగం చేయాలి. జ్వరం లేకుండా అలాగే వెనక్కి పోతే మాత్రం ఆగకుండా న్యూరాలజిస్టుకు చూపించాలి.

ఈ తరహా కేసు మళ్ళీ వస్తే మొదటి రోజు చేయవలసినవి ఈ కేసు వల్ల మారాయి. జబ్బుకు ముందు తీసిన వీడియో కావాలని అడగడం, మాత్రల చీటీ చూడడం, పోల్చడానికి తర్ఫీదు ఇవ్వని పదాలు పక్కన పెట్టడం, రోజులో ఏ వేళకి ఎలా ఉంటున్నాడో వారం పాటు ఇంట్లోవాళ్ళతో రాయించడం, బడిలో పక్కన ఎవరు కూర్చుంటున్నారని పిల్లవాణ్ణే అడగడం. డిశ్చార్జి అయిన మూడు నెలలకి, మాట వచ్చేసినా సరే, పొడవైన వాక్యాలతో ఒకసారి పరీక్షించాలి. ఈ బాబుకి ఆ పరీక్ష జరగలేదు కాబట్టే జూన్, జూలై నెలలు 'శ్రద్ధ లేదు' అన్న మాట కింద పోయాయి.

ఇప్పుడు నాలుగో తరగతికి వెళ్తున్నాడు. పాఠాల్లో పేరాలు పెరుగుతాయి. జూన్‌లో బడి తెరవగానే కొత్త టీచరుకి ఉత్తరం, జూలై చివర మళ్ళీ 90 బొమ్మలు, అక్టోబరులో న్యూరాలజిస్టు దగ్గర మందు సమీక్ష ఖరారయ్యాయి. డిసెంబరులో తండ్రి మళ్ళీ తోట పనికి పోవాలనుకుంటున్నాడు. ఈసారి బాబును జేజమ్మ దగ్గరే ఉంచుతామని చెప్పారు. తండ్రికి మాత్రం ఎండుటాకులు ఏరేటప్పుడు ఒళ్ళంతా కప్పే బట్టలు, కాళ్ళకూ చేతులకూ గోమార్లను దరిచేరనివ్వని డీఈపీఏ నూనె, పని నుంచి రాగానే వేడినీళ్ళ స్నానం, కోతి చచ్చిపడి ఉంటే ముట్టకుండా దగ్గరి ఆరోగ్య కేంద్రానికి చెప్పడం అని ఒక చీటీ రాసిచ్చాం. దాన్ని బాబు చేతే పైకి చదివించాం. 'డీఈపీఏ' దగ్గర ఆగి, పది లెక్కపెట్టేలోపు పూర్తి చేశాడు.